గీయడమూ, గీకడమూ

తెలుగులో ‘గీయు’ అన్న క్రియాపదానికి ముఖ్యంగా మూడు కొలువులున్నాయి. కాగితం మీద గీత గీస్తాము. తాటిచెట్టెక్కి కల్లు గీస్తారు. అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకుంటాము. మూడింటికీ సామాన్యధర్మం ఒకటే. ఒక సన్నని అంచో మొనో ఒక ఉపరితలం మీద నడుస్తుంది. అది ఎంత లోతుకు దిగాలో, ఎక్కడ ఆగాలో చెయ్యి నిర్ణయిస్తుంది. తాటిగెల మీద పొర మందంగా తెగితే గెల పాడవుతుంది, అసలే తెగకపోతే కల్లు ఊరదు. ‘గీకు’ అన్న మాటలో ఈ లెక్క లేదు. పోయేదాకా రుద్దడమే గీకడం. గిన్నె అడుగంటితే గీకుతాము, గోడ మీద పాత సున్నాన్ని గీకుతాము.

ఈ రెండు మాటలకూ నడుమ ఉన్న దూరాన్ని కొన్ని నెలలుగా నా చెంపల మీదే కొలుచుకుంటున్నాను. క్షౌరశాలల్లో వాడే మడతకత్తి మీకు తెలిసే ఉంటుంది. బ్లేడును నిలువునా సగానికి విరిచి అందులో తొడుగుతారు. మా ప్రాంతంలో దాన్ని ఉస్త్రా అంటారు. దుకాణంలో అది అతి సామాన్యమైన పనిముట్టు. ఇంట్లో అద్దం పక్కన కనిపిస్తే మాత్రం వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడతారు. ఆ కత్తితో నా గడ్డాన్ని నేనే గీసుకుంటున్నాను. మొదటి రెండు వారాలూ నేను ఆ పనిలో ఉన్నంతసేపూ స్నానాల గది తలుపు గొళ్ళెం పెట్టనివ్వలేదు మా ఆవిడ.

ఇది సరదా కోసం మొదలుపెట్టిన పని కాదు కనుక, కారణం చెప్పాలి.

నేనుండేది సంగారెడ్డిలో. పని చేసేది పాశమైలారం వైపు ఒక మందుల కర్మాగారంలో. పేరుతో మనకు పని లేదు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల్లో ఇలాంటివి చాలానే ఉన్నాయి. రసాయనాల పొడులను ఎత్తిపోసే చోట, తూచే చోట ముక్కునూ నోటినీ గడ్డాన్నీ కలిపి మూసే రబ్బరు ముసుగు వేసుకోవాలి. కరోనా కాలంలో మనమంతా కట్టుకున్న గుడ్డమాస్కు వంటిది కాదిది. దీని అంచు చర్మానికి చుట్టూ అతుక్కుని ఉంటేనే లోపలికి పోయే గాలి వడపోత గుండా పోతుంది. అంచుకూ చర్మానికీ మధ్య రెండు మూడు రోజుల గడ్డం మొలకలున్నా చాలు, గాలి ఆ సందుల్లోంచి దారి చూసుకుంటుంది. గాలికి మర్యాద తెలియదు. ఎటు సులువైతే అటు పోతుంది. అందువల్ల ముసుగు వేసుకునేవారు ఏ రోజుకారోజు నున్నగా గడ్డం గీసుకుని రావాలన్నది నియమం.

ఆ ముసుగు సరిగ్గా అమరిందో లేదో చూసే పరీక్ష ఒకటుంది. చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. ముసుగు వేసుకున్న మనిషి తలమీద పారదర్శకమైన సంచిలాంటి గుడారం బోర్లించి, దాని రంధ్రంలోంచి సాకరిన్ కలిపిన నీటి తుంపర కొడతారు. మామూలుగా ఊపిరి పీల్చాలి, గాఢంగా పీల్చాలి, తలను పక్కలకు తిప్పాలి, పైకీ కిందికీ ఆడించాలి, ముందుకు వంగాలి, పెద్దగా మాట్లాడాలి. ఇంతసేపట్లో నాలుకకు తీపి తగిలిందా, ముసుగు ఓడిపోయినట్టే. తీపి లోపలికి వచ్చిన దారినే విషమూ వస్తుంది. జీవితంలో తీపి తగలకూడదని కోరుకునే సందర్భాలు ఇలాంటివి అరుదు.

నా చిక్కు ఇక్కడే వచ్చింది. నా గడ్డం రింగులు తిరిగే జాతిది. దాన్ని చాలా ఏళ్ళుగా మూడు బ్లేళ్ళ రేజరుతోనూ, తర్వాత ఐదు బ్లేళ్ళ దానితోనూ గీస్తూ వచ్చాను. బ్లేళ్ళు వరసగా ఉన్న రేజరులో మొదటి బ్లేడు వెంట్రుకను కొంత తెంపి కొంత పైకి లాగుతుంది. అది వెనక్కి జారుకునేలోగా వెనకవచ్చే బ్లేడు ఇంకా కింద కోస్తుంది. అలా తెగిన వెంట్రుక చర్మం మట్టానికి దిగువకు ముడుచుకుంటుంది. చెయ్యి వేసి చూస్తే అద్దంలా ఉంటుంది. తిన్నగా పెరిగే వెంట్రుకలైతే మళ్ళీ తిన్నగానే బయటికి వస్తాయి. రింగుల వెంట్రుక మాత్రం వాలుగా కోసిన మొనతో పక్కకు తిరిగి, చర్మాన్ని లోపల్నించే పొడుస్తుంది. దాంతో ఎర్రని పొక్కులు, చీము, మచ్చలు. నా మెడంతా అవే. వాటి మీద రబ్బరు అంచు ఎనిమిది గంటలు ఒరుసుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చర్మవైద్యుడి సలహా సూటిగా ఉంది. గడ్డం పెంచండి, తగ్గిపోతుంది అన్నారు. వైద్యపరంగా అది ఉత్తమమైన మాటే. పది రోజులు సెలవు పెట్టి పెంచాను, పొక్కులు సగం తగ్గాయి. గడ్డంతో తిరిగి వెళితే ముసుగు అవసరంలేని కాగితాల పనికి తాత్కాలికంగా మార్చారు. ఆ పని ఎల్లకాలం ఉండదు. కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రాడికైతే ఆ మార్పు కూడా దొరకదు; గడ్డమో, ఆ రోజు కూలో తేల్చుకోవాలి. చర్మాన్ని కాపాడుకుంటే ఊపిరికి ముప్పు, ఊపిరిని కాపాడుకుంటే చర్మానికి నొప్పి. పెంచడం కుదరకపోతే ఒకే బ్లేడున్న దానితో, వెంట్రుక వాలుకే, ఒక్కసారే గీయండి అని వైద్యుడు రెండో మాట చెప్పారు. ఆ రెండో మాటే ఈ కథకు మూలం.

ముసుగుకూ గడ్డానికీ ఉన్న వైరం కొత్తది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో ఈప్రే దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును వదిలిన తర్వాత, విషవాయువును ఆపే ముసుగు సైనికుడి సామగ్రిలో భాగమయింది. ముసుగు ముఖానికి అంటుకోవాలంటే గడ్డం ఉండరాదు. అమెరికా సైన్యం యుద్ధంలో దిగాక తన సైనికులకు లక్షల సంఖ్యలో జిల్లెట్ రేజర్లు పంచింది. ఆ సంస్థ 1903లో అమ్మకాలు మొదలుపెట్టినప్పుడు ఆ ఏడంతా అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేళ్ళు మాత్రమే. యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చిన కుర్రవాళ్ళు తమ రేజర్నీ, రోజూ తామే గీసుకునే అలవాటునీ వెంట తెచ్చుకున్నారు. రసాయనశాస్త్రం ఆ విధంగా ఎందరో క్షురకుల ఖాతాదారులను తీసుకుపోయింది. వందేళ్ళ తర్వాత పటాన్‌చెరు పారిశ్రామికవాడలో అదే శాస్త్రం అదే షరతు పెడుతున్నది.

రేజరు చరిత్రను ఒక్క వాక్యంలో చెప్పమంటే, చేతిలో ఉన్న నైపుణ్యాన్ని కొద్దికొద్దిగా వస్తువులోకి తరలించిన చరిత్ర అంటాను. పద్దెనిమిదో శతాబ్దిలో ఫ్రాన్సులో జాన్ జాక్ పెరే అనే కత్తుల తయారీదారు వడ్రంగి చిత్రికను చూసి, కత్తికి చెక్క తొడుగు వేసి లోతును కట్టడి చేశాడు. ‘చర్మం ఇంతకంటే తెగదు’ అన్న హామీ అక్కడ పుట్టింది. జిల్లెట్ బ్లేడును పారేసే సరుకుగా మార్చాడు. సాన పట్టే విద్యతో అవసరం తీరిపోయింది. 1971లో రెండు బ్లేళ్ళు, 1998లో మూడు, 2006లో ఐదు వచ్చాయి. కోణం చూసుకునే పని కూడా మనకు తప్పింది. తల దానంతటదే వంగుతుంది. ఇది మంచికి కాదని అనను. కోట్లమంది కోసుకోకుండా బతికారు. అయితే చెయ్యి ఎంత తేలికగా వెయ్యాలో చెప్పేవాడు లేకపోవడంతో, ఒకేచోట నాలుగైదుసార్లు రుద్దడం అలవాటయింది. గీయడం గీకడంగా మారింది అక్కడే.

ఈ చరిత్రలో మన దేశానికి సంబంధించిన ఘట్టం ఒకటుంది. 2000ల మొదట్లో జిల్లెట్ సంస్థ భారతీయుల కోసం ఒక రేజరు తయారుచేసి, అమెరికాలోనే ఎంఐటీలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులకిచ్చి పరీక్షించింది. వారికి బాగా నచ్చింది. తీరా ఇక్కడ అమ్మకానికి పెడితే జనం పెదవి విరిచారు. కారణం నీళ్ళు. విద్యార్థులకు అక్కడ కుళాయి తిప్పితే ధార వస్తుంది. బ్లేళ్ళ మధ్య ఇరుక్కున్న వెంట్రుకలు ఆ ధారకు కొట్టుకుపోతాయి. ఇక్కడి మనిషి గిన్నెడు నీళ్ళు పక్కన పెట్టుకుని, చిన్న అద్దం ముందు నేలమీద కూర్చుని గీసుకుంటాడు. గిన్నెలో ముంచితే ఇరుక్కున్నది ఊడిరాదు. తర్వాత ఆ సంస్థవారు మన ఇళ్ళలో గంటల తరబడి కూర్చుని చూసి, 2010 అక్టోబరులో ఒకే బ్లేడున్న గార్డ్ అనే రేజరును 15 రూపాయలకు, బ్లేడును 5 రూపాయలకు తెచ్చారు. దాని బ్లేడు దగ్గర సందులు వెడల్పుగా ఉంటాయి, పిడి చివర మేకుకు తగిలించుకునేందుకు కన్నం ఉంటుంది. రేజరును తీర్చిదిద్దడమంటే నీటిని అర్థం చేసుకోవడమని వారికి డబ్బు ఖర్చయ్యాక తెలిసింది.

మా ప్రాంతానికి ఆ పాఠం బాగా వర్తిస్తుంది. పారిశ్రామికవాడల చుట్టూ ఇస్నాపూర్, ముత్తంగి, రుద్రారం వంటి ఊళ్ళలో ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు కార్మికులు సర్దుకుంటారు. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్, మన జిల్లాలు, అన్ని చోట్లవారూ ఉంటారు. వరసకు ఒక కుళాయి, దానికి సమయం. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు వెళ్ళేవాడు కుళాయి తిప్పి వదిలి గడ్డం గీసుకోలేడు. ఇక్కడి నేలలోని నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. 1970ల నుంచి పెరిగిన పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులోకీ చెరువుల్లోకీ చేరాయి; 1990లో ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని ప్రకటించారు. మరోవైపు 1965 నుంచీ మంజీర నీళ్ళు మా పక్కనుంచే గొట్టాల్లో హైదరాబాదుకు ప్రయాణం చేస్తున్నాయి. మా ఇంటి బోరు నీళ్ళు మంచి గట్టివి. వాటిలోని సున్నం సబ్బును పట్టుకుని తెల్లని తెట్టు కడుతుందే గానీ నురగ రానివ్వదు. గడ్డానికి కావలసింది నురగ. అందువల్ల తాగే నీళ్ళలోంచే ఒక గ్లాసు తీసి వాడుకోవాలి. ఆ గ్లాసుతో పని ముగించే కత్తి కావాలి.

ఉస్త్రాకు అడ్డం తొడుగు లేదు, ఇరుకు సందు లేదు. వెంట్రుకలూ నురగా అంచు మీదే ఉంటాయి. క్షురకుడు ఏం చేస్తాడో గుర్తు తెచ్చుకోండి: ప్రతి గీతకూ కత్తిని ఎడమచేతి మీదనో, కాగితం ముక్క మీదనో తుడుస్తాడు. కడగడమే లేదు. నురగ కట్టడానికీ, చివర ముఖం తుడుచుకోవడానికీ తప్ప నీళ్ళతో పని లేదు. ఎన్నో ఏళ్ళుగా మన కళ్ళముందే ఉన్న సమాధానమది.

మా వీధి చివర దుకాణంలో ఉన్న పెద్దాయనను అడిగాను. నాకంటే పదేళ్ళు పెద్ద. చిన్నప్పటినుంచి ఈ వృత్తిలోనే ఉన్నాడు.

“గా కత్తి మీకు ఇంట్ల ఎందుకు సారూ? దుకాణం ఉన్నది, నేనున్న” అన్నాడు.

ముసుగు సంగతీ, తీపి పరీక్ష సంగతీ, వైద్యుడి మాటా చెప్పాను. రోజూ తెల్లవారక ముందే గీసుకోవాలన్నాను. మెడను వెలుతురుకు తిప్పి, వేళ్ళతో తడిమి చూశాడు. వైద్యుడు అద్దం పెట్టి చూసినదాన్ని ఈయన వేలికొసలతో చదివాడు.

“మీ బొచ్చు ఈడ కిందికి, ఈడ పక్కకు, గొంతు కాడ మీదికి తిరిగింది. మీరేమో అంతటా ఒక్క తీరుగ ఉల్టా గుంజుతున్నరు. మంగళారం రాండ్రి, దుకాణం బందుంటది.”

ఆ మంగళవారం బేగంబజారులో కొన్న ఉస్త్రాతో వెళ్ళాను. మొదటి పాఠం ఏమిటంటే, కత్తిలో బ్లేడు పెట్టవద్దు. “వారం దినాలు ఉత్త కత్తి తిప్పుండ్రి. దాని బరువు చేతికి తెల్వాలె” అన్నాడు. ఉత్త కత్తిని నురగ మీద నడిపిస్తూ వారం గడిపాను. చెంప మీద మూడు వేళ్ళతో పట్టడం, దవడ మలుపులో మణికట్టు తిప్పడం, ఎడమ వైపుకు ఎడమ చెయ్యి వాడాలా, కుడిచేతినే ముఖం మీదుగా తీసుకురావాలా అన్న తర్జనభర్జన, అన్నీ ఆ వారంలోనే తేలాయి.

తాను ఎక్కడ నేర్చుకున్నాడని అడిగితే మోకాలు చూపించాడు. పదేళ్ళ వయసులో తండ్రి తన మోకాలి చుట్టూ సబ్బు రాసి, కత్తి చేతికిచ్చాడట. ఎముకా గుంటా మలుపూ అన్నీ ఉంటాయి గనుక మోకాలు బాగా గీయగలిగినవాడు ఏ తలనైనా గొరగగలడట. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడాన్ని అసంబద్ధతకు ఉదాహరణగా చెప్పుకుంటాం కదా. ఆ ముడి నిజంగానే ఉన్నదని నాకు ఆ రోజే తెలిసింది.

ఆయన చెప్పినవాటిలో మూడు మాటలు రాసిపెట్టుకున్నాను. మొదటిది, ఎడమచెయ్యి పనిచేయాలి: “తోలు గుంజి పడితె సగం గడ్డం అయినట్టే.” చర్మం బిగువుగా ఉంటేనే వెంట్రుక నిలబడుతుంది, కత్తి దుముకదు. రెండోది, కత్తిని చర్మానికి దాదాపు ముప్పై డిగ్రీల వాలులో ఉంచి ముందుకే నడపాలి. చర్మం మీద ఉండగా అంచును పక్కకు జరపరాదు, తెగేది అప్పుడే. మూడోది నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది. “చెవి పెట్టుండ్రి. బొచ్చు తెగుతుంటె కర్రుమంటది. సప్పుడు లేదంటె కత్తి ఉత్త తోలు మీద పోతున్నట్టు, ఇగ ఆపాలె.” నేను వాడిన ఏ రేజరు పెట్టె మీదా ‘వినండి’ అన్న సూచన లేదు. కొళాయి మోతలో వినబడదు కూడా.

మాటల మధ్యలో గుడ్డలో చుట్టిన తండ్రి కత్తిని తీసి చూపించాడు. పిడి కొమ్ముది. ఉక్కు మీద సోలింగెన్ అన్న ముద్ర అరిగిపోయి కనిపించింది. సోలింగెన్ జర్మనీలో కత్తులకు పేరుపడ్డ పట్టణం. ఆ పేరును ఎవరుపడితే వారు వాడకుండా 1938లో అక్కడ చట్టమే చేశారు. ‘జర్మనీ కత్తి’ పొదిలో ఉండటం ఒకప్పుడు గొప్ప. దాన్ని రాయి మీద సాన పట్టి, తోలుపట్టీ మీద తిప్పి తిప్పి అంచు తేవడం సగం విద్య. 1990ల నుంచి ఎయిడ్స్ భయం వ్యాపించాక ఆ విద్య పక్కకు జరిగింది. మనిషి మనిషికీ కొత్త సగం బ్లేడు వచ్చింది. ‘పులిరాజా’ ప్రకటనలు గుర్తున్న తరానికి, దుకాణంలో కూర్చోగానే ‘కొత్త బ్లేడు వెయ్యి’ అనడం కూడా గుర్తుంటుంది. ఆ మార్పు అవసరమైనదే. హెపటైటిస్-బి క్రిమి ఎండిన రక్తపు మరక మీద వారం రోజులైనా బతికి ఉండగలదు. తిరుమల కల్యాణకట్టలో టోకెనుతో పాటు బ్లేడు కూడా భక్తుడి చేతికే ఇవ్వడం చూసే ఉంటారు. అయినా తోలుపట్టీ గోడకు ఊరికే వేలాడుతున్నప్పుడు ఆయన తండ్రికి ఎలా ఉండి ఉంటుందో అనుకున్నాను.

ఆ తండ్రి ఊళ్ళో పనిచేసినంతకాలం కూలి కల్లంలో గింజల రూపంలోనే వచ్చేదట, ఏడాదికోసారి. క్షౌరం చేయించుకున్నవారు తలస్నానం చేసేదాకా ఇంట్లోకి రారు. చేసినవాడు ఎప్పటికీ వాకిలి దాటడు. ఆ సంగతి పెద్దాయన కోపంగా చెప్పలేదు, వానలు పడని ఏడాది గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆ వృత్తివారే గాయాలకు కట్లు కట్టారు, ఆ ఇళ్ళ ఆడవారు పురుళ్ళు పోశారు, పెళ్ళికీ దేవుడి ఊరేగింపుకూ సన్నాయి ఊదారు. ఊరంతా వంతులవారీగా తన గొంతును ఆ చేతికి అప్పగించింది. కన్ను మూసుకుని, మెడ వెనక్కి వాల్చి, పదునైన ఉక్కును గొంతునాళం మీదికి రానిచ్చింది. అంత నమ్మకం ఉంచిన చేతికి కూర్చోమని పీట వేయలేదు. కత్తి నా చేతిలోకి వచ్చి నా గొంతు మీద నిలబడేదాకా ఆ నమ్మకం పరిమాణం నాకు అందలేదు. మనం తిట్టుగా వాడే కులనామం వెనక ఇంత సంయమనం ఉన్నది. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల దాకా విద్యుత్తు ఉచితంగా ఇవ్వసాగింది. ఫ్యాను తిరగడానికి అది పనికివచ్చింది. మర్యాద మాత్రం మీటరు మీద రాదు, మనమే ఇవ్వాలి.

ఇక నా అనుభవం. తొలిరోజు చెంపలు మాత్రమే గీసి మిగతాది వదిలాను. దానికే ముప్పావుగంట పట్టింది. రెండుచోట్ల ఎర్రని చుక్కలు లేచాయి, పటిక రాస్తే ఆగాయి. రెండోవారం దవడ, నాలుగోవారం మెడ. వెంట్రుక వాలుకే, ఒక్కసారే. మొలకలు చేతికి గరుకుగా తగిలితే తగలనిచ్చాను, ఉల్టా వెళ్ళలేదు. ముందుగా రెండు మూడు నిమిషాలు తడిగుడ్డ అద్దుకోవడం తప్పనిసరి, నీరు పీల్చుకున్న వెంట్రుక చాలా సులువుగా తెగుతుంది. రెండు నెలలు తిరిగేసరికి పని పన్నెండు నిమిషాలకు వచ్చింది. మెడ మీద కొత్త పొక్కులు రావడం ఆరోవారం నుంచి తగ్గింది, పాత మచ్చలు నెమ్మదిగా మాసిపోతున్నాయి. ఖర్చు గురించి చెప్పాలంటే, రెండు మూడు రూపాయల బ్లేడును కాగితంలో ఉండగానే మడిచి విరిస్తే రెండు సగాలు. నాకు ఒక్కో సగం మూడుసార్లు వస్తుంది. మునుపు వాడినదాని ఒక్క తలకే వందకు పైన పెట్టేవాణ్ణి.

మూడుసార్లకే ఉక్కు ఎందుకు మొద్దుబారుతుందన్న కుతూహలం కలిగింది. వెంట్రుక కంటే బ్లేడు ఉక్కు దాదాపు యాభై రెట్లు గట్టిది. మెత్తనిది గట్టిదాన్ని ఎలా అరగదీస్తుంది? 2020 ఆగస్టులో ‘సైన్స్’ పత్రికలో ఎంఐటీ పరిశోధకులు దీనికి జవాబిచ్చారు. సూక్ష్మదర్శినిలో చూస్తే అంచు సమంగా అరిగిపోవడం లేదు, చిన్న చిన్న పెచ్చులుగా విరుగుతున్నది. వెంట్రుక నిటారుగా ఉండగా కోస్తే అంతగా విరగదు. వంగిన వెంట్రుక మీద అంచు వాలుగా పడినప్పుడు, ఉక్కు కూర్పు సమంగా లేని చోట పెచ్చు లేస్తుంది. అది చదివి పెద్దాయన మాట గుర్తు చేసుకున్నాను. తోలు గుంజి పట్టమన్నది వెంట్రుక వంగకుండా నిలబడటానికే కదా! ఆ పరిశోధన జరగడానికి ఎంతో ముందే ఒక పిల్లవాడి మోకాలి మీద ఆ సూత్రం అప్పజెప్పబడింది.

నాలుగో నెలలో మళ్ళీ తీపి పరీక్షకు కూర్చున్నాను. తల తిప్పాను, వంగాను, పైకి చూశాను, ఎక్కాలు పెద్దగా చదివాను. నాలుకకు ఏ రుచీ తగలలేదు. ఏ రుచీ లేని ఆ ఏడెనిమిది నిమిషాలు నాకెంతో రుచించాయి. మర్నాడు నా పాత పనికి వెళ్ళాను.

దీన్ని అందరికీ సిఫారసు చేయను. చెయ్యి వణికేవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, రాత్రి షిఫ్టు దిగి నిద్రకళ్ళతో అద్దం ముందు నిలబడేవారు దీని జోలికి పోవద్దు. వారికి ఒకే బ్లేడున్న మామూలు రేజరు చాలు. వాలుకు గీయడం, ఒక్కసారికే ఆపడం అన్న రెండు నియమాలూ దానితోనూ పనిచేస్తాయి. మా దగ్గరి కుర్రాళ్ళిద్దరికి పదిహేను రూపాయల రేజరుతోనే ఆ రెండూ చెప్పాను, ఒకరికి మెడ బాగా నెమ్మదించింది. ఒకరి బ్లేడు ఇంకొకరు, ఒకే గదిలోవారైనా, వాడరాదు. వాడేసిన సగాలను చెత్తబుట్టలో వేయకండి. మన చెత్తను ఇప్పటికీ వట్టిచేతులతో వేరుచేసేవారున్నారు. మూతకు సన్నని సందు కోసిన పాలపొడి డబ్బాలో వేస్తున్నాను. నిండాక మూత బిగించి ఇనుపసామాను కొనేవాడికి చెప్పి మరీ ఇస్తాను.

‘చాకలి కొత్త, మంగలి పాత’ అని సామెత. బట్టలుతకడానికి కొత్తవాడి ఉత్సాహం పనికివస్తుంది గానీ గడ్డానికి మాత్రం చెయ్యి తిరిగిన పాతవాడే కావాలని అర్థం. నా చెయ్యి ఇంకా కొత్తదే. అందుకే ఇంట్లో గీసుకుంటున్నా నెలకోసారి దుకాణానికి వెళ్ళి కూర్చుంటాను. మొదట్లో గురుదక్షిణగా ఏమివ్వమంటారని అడిగితే పెద్దాయన నవ్వి, “ఏం ఒద్దు సారూ, నెలకొక్కపారి వచ్చి కూసోండ్రి. మీ చెయ్యి ఎట్ల నడిచిందో మీ మెడ చెప్తది” అన్నాడు. పోయిన నెల వేళ్ళతో తడిమి చూసి, కుడిదవడ కింద ఒకచోట ఆగాడు. “ఈడ జెర తొందర పడుతున్నరు” అన్నాడు.